రేడియేటర్ చల్లగానే ఉంది

ఎనిమిది నెలలుగా పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉన్న కారును, ఒక సోమవారం పొద్దున పక్కింటివాళ్ల వ్యానుకు తాడు కట్టించి, దర్జీ తన భార్య అన్నగారి షెడ్డుకు లాక్కొచ్చాడు. స్టీరింగు దగ్గర కూర్చున్న ఆయన మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. తీసి పెట్టి రావడం మరిచిపోయినట్టున్నాడు.

మెకానిక్ అప్పుడు ఎవరిదో స్కూటరు బ్రేకు చూస్తున్నాడు. కారు గేటు దాటి లోపలికి రావడం చూసి లేచి నిలబడ్డాడు గానీ ఎదురు వెళ్లలేదు. వేస్టుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ అక్కడే ఉండిపోయాడు. చేతులు శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"అమ్మేద్దామనుకుంటున్నా బావా," అన్నాడు దర్జీ దిగుతూనే.

"మంచిదే. ఎన్నాళ్లని ఉంచుతావ్."

"అమ్మే ముందు నాకొక్క సంగతి తేలాలి. ఆ రోజు ఇంజను వేడి ముల్లు చెప్పింది నిజమా, అబద్ధమా? ఇంకెవరికైనా చూపించొచ్చు. కానీ నువ్వు చెబితేనే నమ్ముతాను."

మెకానిక్ తల ఊపాడు.

ఆ షెడ్డుకు బోర్డు లేదు, అవసరమూ లేదు. చెవి మెకానిక్ అంటే చాలు, ఎవరైనా దారి చూపిస్తారు. బానెట్ ఎత్తకముందే, చప్పుడు విని బండి రోగం చెప్పేవాడు ఆయన. చేతుల్లోకి ఫోన్లు వచ్చాక ఆ పేరు ఇంకా పాకింది. ఎక్కడో దారిలో చిక్కుకున్నవాడు ఫోను ఇంజను దగ్గర పెడితే, ఈయన ఇక్కడ కళ్లు మూసుకుని విని, "బెల్టు జారుతోంది" అనో, "రెండో ప్లగ్గు చచ్చింది" అనో చెప్పేవాడు. పదింట తొమ్మిది నిజమయ్యేవి. ఆయన చెల్లెలు నవ్వేది. "అన్నయ్యా, నీ చెవులకు బీమా చేయించు. వదినకు కోపం వచ్చి ఒకటి మెలేసిందంటే మన కొంప మునుగుతుంది" అని.

ఆ చెల్లెలే దర్జీ భార్య. కొట్లో మిషను మీద ఆయన కుడుతుంటే, గుమ్మం పక్కన వెలుతురులో కూర్చుని ఆమె కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. మెకానిక్, దర్జీ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లు. "బావా అంటే ఇద్దరూ తలెత్తుతారు, పని చెబితే ఒక్కరూ ఎత్తరు" అని ఆమె దెప్పుతూ ఉండేది. దర్జీకి ఒక్కతే కూతురు, కాలేజీ చివరి ఏడాదిలో ఉంది.

ఆమె పోవడానికి రెండు నెలల ముందు కారులో ఒక తిరకాసు మొదలైంది. ఇంజను వేడి చూపించే ముల్లు, తాళం తిప్పీ తిప్పగానే ఎగిరి ఎర్రగీత మీద కూర్చునేది. రాత్రంతా చల్లబడిన ఇంజను తాళం తిప్పగానే ఎలా కాలుతుంది? దర్జీ కారు తెస్తే మెకానిక్ పావుగంటలో కనిపెట్టాడు. ముల్లుకు కబురు మోసే తీగ ఒకచోట ఇనుప పట్టీకి రాసుకుని తోలు ఊడిపోయింది. టేపు చుట్టాడు, ముల్లు కిందికి దిగింది. "ఇంజను గుండ్రాయిలా ఉంది బావా. గేజీకే పిచ్చి పట్టింది" అన్నాడు. ఆ రోజు ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

నెలన్నర తర్వాత దర్జీ ఫోన్ చేశాడు. ముల్లు మళ్లీ పైకి పోతోందని.

ఆ తర్వాత ఇంకో పది రోజులకు, ఒక ఆదివారం ఉదయం, ఆమెకు గుండెలో నొప్పి వచ్చింది. మూడు రోజులుగా గ్యాసు అని నొక్కిపెట్టుకున్న నొప్పే. అంబులెన్సు రావడానికి ముప్పావు గంట పడుతుందన్నారు. కారులో అయితే అరగంటలో ఆస్పత్రిలో ఉండొచ్చని దర్జీ ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టాడు. తల కూతురి ఒళ్లో పెట్టుకుంది. ఇటుకబట్టీలు దాటాక ఎత్తు మొదలవుతుంది. అక్కడ కూతురు చూసింది.

"నాన్నా, ముల్లు ఎర్రగీత దాటిపోతోంది."

"దాటనీ. అది పిచ్చి ముల్లని మామయ్య చెప్పాడుగా."

ఎత్తు ఎక్కేలోపే ఇంజను బరువెక్కింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. కారు ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు. దర్జీ రోడ్డు మధ్య నిలబడి చేతులు అడ్డం పెడితే ఎన్నో బండ్లు తప్పించుకుని పోయాయి. చివరికి ఒక కూరగాయల లారీ ఆగింది. అప్పటికి ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. ఆస్పత్రి గేటు దగ్గర ఆమెను దించేసరికి ఊపిరి లేదు. డాక్టరు అన్న మాట ఒక్కటే. "ముందొచ్చుంటే ప్రయత్నం చేసేవాళ్లం. బతికేదా లేదా అంటే నేను చెప్పలేను."

ఆ మాటను ముగ్గురూ మూడు రకాలుగా ఇంటికి మోసుకెళ్లారు. కూతురు మేనమామతో మాట్లాడటం మానేసింది. దర్జీ కారు మీద టార్పాలిన్ కప్పి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మెకానిక్ కూడా చూస్తానని అడగలేదు. బావ వద్దంటున్నాడు కదా అనుకున్నాడు. వద్దనడం తనకూ హాయిగానే ఉందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ కారు ఎదురుగా నిలబడి ఉంది.

"ఎనిమిది నెల్లు వద్దన్నవాడివి, ఇప్పుడెందుకు బావా?" అని అడిగాడు మెకానిక్.

దర్జీ అక్కడున్న పాత టైరు మీద కూర్చున్నాడు. మెడలో టేపు ఉందని అప్పుడు తెలిసింది కాబోలు, తీసి వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు కారుకు నీళ్లు పోద్దామని రేడియేటర్ మూత తీశాను. అప్పుడే ఎవరో ప్యాంటు కొలతలకు వచ్చారు. మూత తీసింది బాగా గుర్తుంది. పోసింది గుర్తు లేదు. పోశానా, పోయకుండానే మూత పెట్టేశానా? ఎంత ఆలోచించినా అక్కడే తెగిపోతోంది." చుట్టిన టేపును విప్పాడు. "మొన్న ఒకాయన చొక్కాకు రెండు చేతులూ ఎడమ చేతులే కత్తిరించాను. నలభై ఏళ్ల పనిలో ఎప్పుడన్నా విన్నావా? రాత్రిళ్లు నిద్ర లేదు. నీళ్లు పోయకపోవడం వల్లే అయితే అదన్నా చెప్పు. తెలిస్తే ఏడుస్తాను. తెలియకపోతే ఏం చెయ్యాలి?"

"నువ్వేమీ..." అని ఆగిపోయాడు మెకానిక్. ఏమీ తెలియకుండా ఓదార్చడం ఎలా?

"చూస్తాలే," అన్నాడు.

బానెట్ ఎత్తాడు. కొత్త బ్యాటరీ పెట్టి, దర్జీని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి తాళం ఒక మెట్టు తిప్పమన్నాడు. ముల్లు అడుగునే ఉంది. ఇంజనుకు బిగించిన, వేడి పసిగట్టే సెన్సర్ నుంచి తీగ ఊడదీశాడు.

"ఇప్పుడు?"

"కదల్లేదు బావా."

తీగ కొసను ఇంజను ఇనుముకు తాకించాడు.

"లేచింది! ఎర్రగీత దాకా వెళ్లింది."

తీశాడు. ముల్లు పడిపోయింది. మళ్లీ తాకించాడు. లేచింది. తను చుట్టిన నల్ల టేపు చెక్కుచెదరలేదు. అంటే తీగ బాగుంది, గేజీ బాగుంది. మిగిలింది సెన్సర్ ఒక్కటే. అది పాడై ఉంటే ముల్లు అబద్ధం చెప్పినట్టు. పాడై ఉండాలి అని మెకానిక్ లోపల ఎంత గట్టిగా కోరుకున్నాడంటే, స్పానరు పట్టిన చెయ్యి జారి వేలి కణుపు చీరుకుపోయింది.

"నువ్వింటికెళ్లు బావా. సెన్సర్ విప్పి వేడినీళ్లలో పెట్టి చూడాలి. టైం పడుతుంది. నేనే వచ్చి చెప్తా."

"నేనుంటే ఏం?"

"ఏం లేదు. నువ్వు చూస్తుంటే నాకు చెయ్యాడదు."

దర్జీ లేచి, టేపు మళ్లీ మెడలో వేసుకుని వెళ్లిపోయాడు.

మెకానిక్ ఇల్లు షెడ్డు వెనకే. సెన్సర్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పెట్టాడు. భార్య గిన్నె వైపు చూసి, "అది పాల గిన్నె" అంది. ఆయన మొహం చూశాక ఇంకేం అనలేదు. నీళ్లలో థర్మామీటరు, దారానికి వేలాడదీసిన సెన్సర్, దానికి మీటరు తీగలు. నీళ్లు వేడెక్కుతున్నకొద్దీ మీటరులో అంకె తగ్గాలి. యాభై దగ్గర ఎంత, డెబ్భై దగ్గర ఎంత, తొంభై దగ్గర ఎంత అన్నది ఒక పాత క్యాలెండరు వెనక రాసుకున్నాడు. తర్వాత షెడ్డులో ఉన్న కొత్త సెన్సర్ ఒకటి తెచ్చి అదే గిన్నెలో పెట్టాడు. రెండు వరసల్లో అంకెలు అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి.

సెన్సర్ కూడా బాగుంది.

ఆయన ముక్కాలి పీట మీద కూలబడ్డాడు. ముల్లు నిజమే చెప్పింది. ఆ రోజు ఇంజను నిజంగానే కాలింది. మరి ఎందుకు కాలింది? నీళ్లు లేకనేనా? బావ అన్నట్టే అయిందా? ఒక్క క్షణం ఆయనకు ఊరటగా అనిపించింది. ఆ ఊరట చూసి తన మీద తనకే రోత పుట్టింది. లేచి మళ్లీ షెడ్డుకు వెళ్లాడు.

రేడియేటర్ మూత తిప్పి తీశాడు. నీళ్లున్నాయి. ఎనిమిది నెలల తర్వాత కూడా, తుప్పు రంగులో, మెడ దాకా ఉన్నాయి.

నీళ్లున్నా ఇంజను కాలిందంటే ఆ నీళ్లు ఇంజనులోకి తిరగలేదన్నమాట. తిరగనివ్వాల్సింది ఒక చిన్న వాల్వు. థర్మోస్టాట్ అంటారు. ఇంజను వేడెక్కగానే నోరు తెరిచి, మరిగిన నీళ్లను రేడియేటర్లోకి వదలాలి. అది తెరుచుకోకపోతే ఇంజనులో నీళ్లు ఇంజనులోనే కుతకుతలాడుతుంటాయి, ముందున్న రేడియేటర్ మాత్రం చల్లగా...

మెకానిక్ చేతిలోని మూత కింద పడి, దొర్లుకుంటూ కారు కిందికి పోయింది.

ఆ రోజు బావ ఫోన్ చేసినప్పుడు షెడ్డులో అయిదారుగురు ఉన్నారు. టీలు తాగుతున్నారు. "చూడండి, ఇక్కణ్నుంచే చెప్తా" అని వాళ్లకు వినబడేలా స్పీకరు పెట్టాడు తను.

"ముల్లు మళ్లీ ఎగురుతోంది బావా. ఒక్కోసారి బాగానే ఉంటుంది, ఒక్కోసారి పైకి పోతుంది. ఇప్పుడు పైనే ఉంది. తీసుకురమ్మంటావా?"

"దానికోసం ఇంత దూరం ఎందుకు? బానెట్ ఎత్తు. రేడియేటర్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉందా?"

"ఉండు... లేదు. చల్లగానే ఉంది."

"ఫ్యాను తిరుగుతోందా?"

"లేదు."

"ఇంకేం! ఇంజను నిజంగా కాలితే రేడియేటర్ మీద చెయ్యి పెట్టగలవా? ఫ్యాను తిరక్కుండా ఊరుకుంటుందా? గేజీకి తిక్క. నువ్వు బేఫికరుగా తిప్పు. తీరిక చూసి నేనే వస్తా."

టీలు తాగుతున్నవాళ్లు "అబ్బ, ఏం చెవిరా బాబూ" అన్నారు. తను నవ్వాడు.

రోగం పేరు ఆ ఫోనులోనే ఉంది. ముల్లు పైన, రేడియేటర్ చల్లన, అది వేడెక్కితేనే తిరిగే ఫ్యాను ఆగి ఉంది అంటే, పని నేర్చుకున్న మొదటి ఏడాదివాడు కూడా వాల్వు మూసుకుపోయిందంటాడు. చల్లగానే ఉందని బావ స్పష్టంగా చెప్పాడు. తను విన్నాడు కూడా. విని, తిరగేసి అర్థం చేసుకున్నాడు. ఇదివరకు ఒకసారి గేజీ తప్పని తేలింది కాబట్టి, ఈసారీ అదే అని ముందే అనేసుకున్నాడు.

వాల్వు విప్పి తెచ్చి అదే పాల గిన్నెలో వేశాడు. నీళ్లు మరిగి పొంగాయి. వాల్వు నోరు విప్పలేదు. చల్లార్చి మళ్లీ మరిగించాడు. మూడోసారి కూడా మరిగించాడు. భార్య వచ్చి పొయ్యి ఆపేసింది.

"ఏమైంది?"

ఆయన మొత్తం చెప్పాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని విన్నది.

"అన్నయ్యకు ఏం చెబుతారు?"

"ఏం చెప్పను?"

"వాల్వు మూసుకుపోయింది అని చెప్పండి. అది నిజమేగా. నీళ్లు పోశావు, నీ తప్పేం లేదు అని చెప్పండి. అదీ నిజమే. ఫోనులో మీరు పొరబడ్డ సంగతి ఆయనకు తెలియదు. రేడియేటర్ చల్లగా ఉండటమంటే ఏంటో దర్జీపని చేసుకునే మనిషికి ఏం తెలుస్తుంది? మీరు అబద్ధం ఆడక్కర్లేదు. ఒక్కమాట మింగెయ్యండి, చాలు."

"మింగితే అరుగుతుందా?"

"అరగదు. నాకు తెలుసు." ఆమె కళ్లు తుడుచుకుంది. "కానీ చచ్చిపోయింది ఒక్కతి. దాంతోపాటు రెండిళ్లూ చావక్కర్లేదు కదండీ."

ఆమె మాటలో స్వార్థం లేదు. ఆడపడుచును ఆమె సొంత చెల్లెలికన్నా ఎక్కువగా చూసుకుంది. అందుకే ఆయన ఎదురు చెప్పలేకపోయాడు. మర్నాడు బావ కొట్టుకు బయలుదేరినప్పుడు ఆ ఒక్కమాట మింగేద్దామనే అనుకున్నాడు.

కొట్లో దర్జీ ఇస్త్రీ చేస్తున్నాడు. గుమ్మం పక్కన ఆమె కూర్చునే ఎత్తు స్టూలు మీద ఇప్పుడు ఒక గుడ్డ తాను పెట్టి ఉంది. దారం ఉండలున్న రేకు డబ్బా అలాగే కిటికీలో ఉంది. కాజాలు ఇప్పుడు బయట ఎవరికో ఇచ్చి కుట్టిస్తున్నాడు.

"తేలిందా?"

"తేలింది." మెకానిక్ జేబులోంచి గుడ్డలో చుట్టిన వాల్వు తీసి బల్ల మీద పెట్టాడు. "ముల్లు నిజమే చెప్పింది బావా. ఇదిగో, ఇది మూసుకుపోయింది. నీళ్లు నిండుగా ఉన్నా ఆ బండి కాలిపోయి ఉండేది. నువ్వు నీళ్లు పోశావు. మెడ దాకా ఉన్నాయి. నా కళ్లతో చూశా."

దర్జీ ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టాడు. చాలా జాగ్రత్తగా నిలబెట్టాడు.

"పోశానా?"

"పోశావు."

"పోశాను." ఆయన రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి వంగాడు. భుజాలు అదిరాయి. కాసేపటికి మొహం తుడుచుకుని, వాల్వును వేలితో తాకి చూశాడు. "ఇంతే ఉంది. దారపు ఉండంత లేదు. దీని వల్లనా..."

తర్వాత మెకానిక్ చెయ్యి పట్టుకున్నాడు.

"నిన్ను కూడా తిట్టుకున్నా బావా. పైకి అనలేదు గానీ, నీ మాట నమ్మినందుకే అనుకునేవాణ్ని. ఇందులో నువ్వు మాత్రం ఏం చేస్తావ్? లోపల మూసుకుపోయింది ఫోనులో నీకెలా కనబడుతుంది?" లోపలి గది వైపు తిరిగి పిలిచాడు. "అమ్మా! ఇలా రా ఒకసారి."

మేనకోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో పుస్తకం, వేలు పేజీ మధ్యలో ఉంది. వాళ్లమ్మకు లాగే ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి ఉంటుంది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ పిల్ల మొహం అంత దగ్గర నుంచి చూశాడు మెకానిక్.

"నీ తప్పూ నా తప్పూ కాదమ్మా. మామయ్య తప్పు కూడా కాదు. ఇదిగో, ఈ ముక్క చేసింది. పెద్దవాడు, ఇన్నాళ్లూ మాట్లాడకుండా బాధపెట్టావు. ఏదో ఒక మాట చెప్పు."

ఆ పిల్ల వాల్వును చూసింది, మామయ్యను చూసింది. "మామయ్యా, నేను..." అంటూ ఒక అడుగు ముందుకు వేసింది.

"వద్దమ్మా," అన్నాడు మెకానిక్. "ఆగు. నువ్వు నన్ను ఏమీ అడగొద్దు."

ఇక మింగడం ఆయన వల్ల కాలేదు. నిలబడే చెప్పాడు. ఫోను గురించి, తను అడిగిన రెండు ప్రశ్నల గురించి, వచ్చిన రెండు జవాబుల గురించి, వాటికి అసలు అర్థం ఏమిటో, తను ఏమని చెప్పాడో. ఎక్కడా తనను వెనకేసుకు రాలేదు.

బల్ల మీద ఇస్త్రీపెట్టె టక్కుమంది. దర్జీ స్విచ్చి ఆపాడు.

"నేను చల్లగా ఉందన్నాను," అన్నాడు.

"అన్నావు."

"నువ్వు విన్నావు."

"విన్నా."

"ఆ రోజు వచ్చుంటే ఎంతసేపు పట్టేది?"

"చూడ్డానికి పది నిమిషాలు. మార్చడానికి గంట."

"ఏం పనిలో ఉన్నావ్ అప్పుడు?"

మెకానిక్‌కు ఆ జవాబే అన్నిటికన్నా కష్టమైంది. "పనేం లేదు బావా. మనుషులున్నారు. వాళ్లు వినాలని స్పీకరు పెట్టాను."

దర్జీ సగం ఇస్త్రీ అయిన చొక్కాను మడత పెట్టాడు. మడత సరిగా రాలేదు. విప్పి మళ్లీ పెట్టాడు. కూతురు గుమ్మంలోనే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"ఇక వెళ్లు బావా," అన్నాడు దర్జీ. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని మెకానిక్ దారంతా అనుకున్నాడు.

కారును ఆ వారంలోనే ఇంకో మెకానిక్ వచ్చి తీసుకెళ్లాడు. బాగు చేశారో, విడిభాగాలుగా అమ్మారో, ఈయన అడగలేదు. ఫోనులో జబ్బు చెప్పడం మానేశాడు. ఎవరైనా ఇంజను చప్పుడు వినిపించబోతే, "నాకు వినబడదు, తీసుకురా, లేదా నేనొస్తా" అనేవాడు. ఆయనకు నిజంగానే చెముడు వచ్చిందని ఊళ్లో కొందరు నమ్మారు. ఆయన కాదనలేదు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మేనకోడలు షెడ్డుకు వచ్చింది. అత్తయ్య ఇచ్చిన మంచినీళ్లు తాగి, పనిముట్ల బల్ల పక్కన నిలబడింది.

"చెప్పకుండా ఉండాల్సింది కదా మామయ్యా. మాకేం తెలిసేది కాదు."

"నువ్వు నన్ను క్షమించమని అడగబోయావు. అది తట్టుకోలేకపోయాను."

ఆ పిల్ల ఒక నట్టు తీసి చేతిలో తిప్పుతూ ఉంది. "నాన్న ఆ రోజు పడుకున్నాడు. తెల్లారి తొమ్మిదిదాకా లేవలేదు. భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. రోజూ పడుకుంటున్నాడు ఇప్పుడు. అన్నం తింటున్నాడు."

"మంచిది."

"నిన్ను మాత్రం చూడలేనన్నాడు. తిట్టట్లేదు. చూడలేను అంటున్నాడు, అంతే."

"చూడక్కర్లేదమ్మా. నిద్రపోనీ."

"నాకు కోపం పోలేదు మామయ్యా. పోయిందని చెప్పలేను. కానీ ఇక్కడికి రాకుండా ఉండలేకపోయాను. అమ్మ గురించి మాట్లాడదామంటే నాన్న ఏడుస్తాడు. అమ్మ చిన్నప్పటి సంగతులు తెలిసింది ఇక నీ ఒక్కడికే."

మెకానిక్ ఒక స్టూలు తుడిచి ఆ పిల్లకు వేశాడు. తను పాత టైరు మీద కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి, చెల్లెలు ఏడేళ్లప్పుడు తన సైకిలు బెల్లు విప్పి బొమ్మకు టోపీ పెట్టిన సంగతి చెప్పాడు. బెల్లు లేని సైకిలు మీద తను నోటితో "ట్రింగ్ ట్రింగ్" అంటూ బడికి పోయాడట. ఆ పిల్ల నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత రెండు వారాలకోసారైనా వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఆయన ఒక సంగతి వెతికి పెట్టుకునేవాడు. సంగతులు అయిపోతాయేమోనని ఒకేసారి రెండు చెప్పేవాడు కాదు.

దర్జీ రాలేదు. వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం, గుడ్డల మూట చంకలో పెట్టుకుని వీధిలో పోతున్నాడు. ఉన్నట్టుండి వాన అందుకుంది. పరిగెత్తి, షెడ్డుకు ఎదురుగా మూసి ఉన్న కొట్టు చూరు కిందికి వెళ్లి నిలబడ్డాడు. ఎక్కడ నిలబడ్డాడో అప్పుడు చూసుకున్నాడు. మధ్యలో ఒక్క రోడ్డు, అంతే.

"బావా!" మెకానిక్ గేటు దాకా వచ్చి పిలిచాడు. "జల్లు కొడుతుందక్కడ. లోపలికి రా, మూట తడుస్తుంది."

దర్జీ తల ఎత్తాడు. మూటను చొక్కా కిందికి తోసుకుని గోడకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"ఫర్వాలేదులే బావా. తగ్గిపోతుంది."

అది తగ్గడానికి చాలాసేపు పట్టింది. లోపలికి రమ్మని భార్య రెండుసార్లు చెప్పినా మెకానిక్ వెళ్లలేదు. గేటు దగ్గరే, తడుస్తూ, నిలబడ్డాడు. ఇద్దరూ వాన వైపే చూస్తూ ఉన్నారు. తెరిపి ఇచ్చాక దర్జీ మూటను భుజం మీదికి మార్చుకుని, నీళ్ల గుంటలు తప్పించుకుంటూ వెళ్లిపోయాడు.